పూలతోట ప్రశ్నలు – జవాబులు: జిన్నియాకు ఎండ, గాలి, కత్తెర

ఈసారి అన్ని ప్రశ్నలూ జిన్నియాల మీదే. జీనియా అని రాసినవాళ్లూ ఉన్నారు, రెండూ ఒకటే మొక్క. ఎక్కువ ఉత్తరాల్లో కనిపించిన బాధ ఒకటే: ఆకుల మీద తెల్లటి బూడిద. అందుకే దానికి ఎక్కువ చోటు ఇచ్చాను. నాకు బాగా ఇష్టమైన పువ్వు ఇది. గింజ వేసిన రెండు నెలలకే ఇన్ని రంగుల్లో, ఇంత ధారాళంగా పూసే మొక్క ఇంకొకటి చెప్పమంటే నాకు వెంటనే తట్టదు. అలాంటి మొక్క మీ ఇంట్లో సరిగ్గా రావట్లేదంటే నాకు నిజంగానే మనసు ఊరుకోదు. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను.

ప్రశ్న: ట్రేలో నారు పోశాను. గింజలన్నీ చక్కగా మొలిచాయి. తీసి మడిలో నాటాక సగం వాడిపోయాయి. మిగిలినవి బతికాయి కానీ ఎదుగూ బొదుగూ లేకుండా అలాగే నిలబడ్డాయి. నాటడంలో తప్పు జరిగిందా?

మీరు ఎంత జాగ్రత్తగా నాటినా చాలాసార్లు ఇలాగే అవుతుంది. వేరు కదిలిస్తే జిన్నియా ఓర్చుకోదు. పీకి నాటిన మొక్క బతికినా, మళ్లీ కోలుకుని చిగురు వేయడానికి చాలా రోజులు తీసుకుంటుంది. అందుకే పెరగాల్సిన చోటే గింజ పెట్టేయమంటాను. మట్టి 21 నుంచి 27 డిగ్రీల వెచ్చదనంలో ఉంటే నాలుగు నుంచి ఏడు రోజుల్లో మొలిచేస్తుంది. ఇంత తేలిగ్గా మొలిచే గింజకు ట్రే, మళ్లీ నాట్లు, ఇంత శ్రమ అక్కర్లేదు. మట్టి చల్లగా, తడిగా ఉన్నప్పుడు మాత్రం తొందరపడకండి. గింజ లోపలే కుళ్లిపోతుంది.

మడిని గుల్లగా తవ్వి, బాగా చివికిన ఎరువో కంపోస్టో కలిపి, పావు అంగుళం లోతులో గింజ పెట్టి పైన పలచగా మట్టి కప్పండి. ఒక్కోచోట రెండు గింజలు వేయండి. రెండూ మొలిచి మారాకు తొడిగాక బలహీనంగా ఉన్నదాన్ని మట్టి దగ్గర కత్తెరతో కత్తిరించేయండి. పీకితే పక్కదాని వేరు కూడా కదులుతుంది.

పక్షులో నత్తలో మొలకల్ని ఉండనివ్వని చోట మడిలో నేరుగా వేయడం కుదరదు, అది నాకూ తెలుసు. అలాంటప్పుడు చిన్న పేపర్ కప్పుల అడుగున రంధ్రం చేసి, కప్పుకొక గింజ వేసి, రెండు జతల ఆకులు రాగానే మట్టిగడ్డ విరగకుండా మొత్తం దింపేయండి. ఇంకా ఆలస్యం చేస్తే వేళ్లు కప్పు చుట్టూ తిరిగిపోయి, నాటాక కూడా మొక్క పొట్టిగానే ఉండిపోతుంది.

మొలక మట్టిని తాకే చోట సన్నబడి, మెత్తబడి, పక్కకు వాలిపోతుంటే అది నారుకుళ్లు తెగులు. నీళ్లు ఎక్కువై, గాలి ఆడక వస్తుంది. వాలిన మొలకను బతికించలేం. ఆ చుట్టూ మట్టి పైపొర ఆరనిచ్చి, మిగిలినవాటిని కాపాడుకోవాలి.

ప్రశ్న: మా జిన్నియాలు ఒంటి కాడతో కర్రలా పైకి పోయి, కొసన ఒక్క పువ్వు పూసి, గాలికి పడిపోతున్నాయి. గుబురుగా రావాలంటే ఏం చేయాలి?

తల తుంచాలి. చాలామందికి చేతులు రాని పని ఇదే. ఆరోగ్యంగా పెరుగుతున్న మొక్క కొసను, అందులోనూ మొగ్గ కనిపిస్తున్నప్పుడు, తుంచేయడమంటే ప్రాణం ఒప్పదు. అయినా తుంచండి.

మొక్క ఎనిమిది నుంచి పన్నెండు అంగుళాల ఎత్తు వచ్చి, మూడు నాలుగు జతల ఆకులు వేశాక దగ్గర కూర్చుని చూడండి. ఆకులు ఎదురెదురుగా జతలుగా ఉంటాయి. ప్రతి ఆకు కాడను అంటుకునే సందులో సూదిమొనంత పచ్చటి చిగురు నిద్రపోతుంటుంది. పైన కొస ఉన్నంతకాలం అది కదలదు. కొసను ఒక ఆకుల జతకు కాస్త పైన, పావు అంగుళం వదిలి కత్తిరించారనుకోండి, వారం తిరిగేసరికి ఆ జతలో రెండు వైపులా చిగుళ్లు లేస్తాయి. కింది జతల్లోనూ లేస్తాయి. ఒక్క కాడ పోయిన చోట నాలుగైదు కొమ్మలు వస్తాయి. మొదటి పువ్వు వారం పది రోజులు ఆలస్యమవుతుంది, తర్వాత పూలకు లోటుండదు.

తర్వాత పువ్వు కోసేటప్పుడూ ఇదే పద్ధతి. పువ్వు కిందే గిల్లేస్తే మొండి కాడ నిలబడిపోయి ఎండిపోతుంది. కిందికి వచ్చి ఆకుల జత పైన కోయండి. కాడ పొడుగ్గా చేతికొస్తుంది, అక్కణ్నుంచి మళ్లీ రెండు కొమ్మలు వస్తాయి. వాడిన పూలనూ ఇలాగే తీసేయాలి. గింజ కట్టడం మొదలుపెట్టిన మొక్క పూయడం తగ్గిస్తుంది.

మూడు అడుగులు దాటే రకాలకు మాత్రం తల తుంచినా ఊతం కావాలి. కాడ లోపల బోలు, పైన బరువైన పువ్వు, వాన పడితే ఇంకా బరువు. మొక్క చిన్నగా ఉన్నప్పుడే పక్కన కర్ర పాతి వదులుగా కట్టండి. పడిపోయాక లేపి కట్టబోతే కాడ విరుగుతుంది.

ప్రశ్న: పూలు బాగానే వస్తున్నాయి కానీ కింది ఆకుల మీద పిండి చల్లినట్టు తెల్లటి పొడి పడుతోంది. తుడిస్తే పోతుంది, మళ్లీ వస్తుంది. నెల తిరిగేలోగా మొక్కంతా పాకిపోతోంది. రోజూ ఆకులు కడగమని ఒకరు, అస్సలు తడపొద్దని ఒకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఇదే బూడిద తెగులు. ఇది శిలీంధ్రం, దుమ్ము కాదు. మీ ఇద్దరు సలహాదారుల మాటలు ఎందుకు కలవలేదో ముందు చెబుతాను. చాలా శిలీంధ్రాలకు ఆకు మీద నీటి తడి ఉంటేనే మొలకెత్తే వీలుంటుంది. బూడిద తెగులుకు ఆ తడి అవసరం లేదు. గాల్లో తేమ చాలు. పొడి ఆకు మీదే హాయిగా పాకుతుంది. అందుకే ఎవరో కడగమన్నారు. కానీ ఆకు తడిగా ఉంటే దూసుకొచ్చే వేరే తెగుళ్లు జిన్నియాకు ఉన్నాయి, వాటి సంగతి కిందే చెబుతాను. కాబట్టి ఆకుల్ని కడగొద్దు, పైనుంచి నీళ్లు పోయొద్దు. నీళ్లు మొక్క మొదలు దగ్గర, మట్టికి పోయండి. అది కూడా పొద్దున్నే. పై మట్టి అంగుళం మేర ఆరాక, ఒకసారి లోతుగా ఇంకేలా పోసి వదిలేయండి. రోజూ కాసిని చల్లడం వల్ల వేళ్లు పైపైనే ఉండిపోతాయి.

అసలు మందు గాలి. ఈ ఒక్క మాట గట్టిగా చెప్పాలనే ఇంత రాస్తున్నాను. మొలకలు చిన్నగా ఉన్నప్పుడు మధ్యలో ఖాళీ చూసి బోసిగా అనిపిస్తుంది. అందుకని దగ్గర దగ్గరగా వేసేస్తాం. రెండు నెలలయ్యేసరికి ఆకులు ఒకదాని మీద ఒకటి ఎక్కి, మధ్యలో గాలి ఆగిపోతుంది. రాత్రి చేరిన తేమ పొద్దెక్కినా పోదు. పైగా కింది ఆకులకు ఎండ అందదు. నీడ, తేమ రెండూ అక్కడే ఉన్నాయి కనుక తెగులు కింది ముదురాకుల మీదే మొదలవుతుంది. పొడుగు రకాలకు మొక్కకూ మొక్కకూ మధ్య అడుగు దూరం ఉండాలి. పొట్టి రకాలకు అర అడుగు నుంచి ముప్పావు అడుగు. గోడను ఆనించి వేయకండి. ఇప్పటికే ఒత్తుగా ఉంటే ఒక మొక్క విడిచి ఒక మొక్క తీసేయండి. బాధగానే ఉంటుంది, కానీ మిగిలినవి ఆ చోటంతా కమ్మి రెట్టింపు పూస్తాయి.

మొదటి మచ్చ, రూపాయి బిళ్లంత తెల్లటి మచ్చ, కనిపించిన రోజే ఆ ఆకు తీసి చెత్తలో పడేయండి. కంపోస్టు గుంటలో వద్దు. అప్పుడే వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల చొప్పున, కాస్త సబ్బునీళ్లు కలిపి, ఆకు పైనా కిందా తడిసేలా సాయంత్రం కొట్టండి. ముదిరిపోతే నీటిలో కలిసే గంధకం పొడి లీటరుకు 3 గ్రాములు. ఎండ 32 డిగ్రీలు దాటే రోజుల్లో గంధకం కొడితే ఆకు మాడుతుంది. నూనె కొట్టిన రెండు వారాల దాకా గంధకం జోలికి వెళ్లకండి, రెండూ కలిస్తే అదీ మాడ్చేస్తుంది. ఇప్పటికే తెల్లబడిపోయిన ఆకును ఏ మందూ మళ్లీ పచ్చగా చేయలేదు. మందు కొత్త ఆకుల్ని కాపాడడానికే. పూత చివరికొచ్చిన మొక్కకు బూడిద పడితే నేను మందు కొట్టను, తీసేసి కొత్త గింజ వేస్తాను.

ఏటా ఇదే టెన్షన్ అయితే రకం మార్చండి. మనం మామూలుగా పెంచే పెద్ద పువ్వు జిన్నియాకు బూడిద తెగులు సులువుగా పడుతుంది. సన్నాకు జిన్నియా అని ఇంకో జాతి ఉంది, ఆకు సన్నగా, పువ్వు చిన్నగా ఉంటుంది, తెగుళ్లను బాగా తట్టుకుంటుంది. ఈ రెండింటినీ కలిపి తీసినవే ప్రొఫ్యూజన్, జహారా రకాలు. ప్రొఫ్యూజన్ నారింజ, చెర్రీ రంగులకు 1999లో ఆల్ అమెరికా సెలెక్షన్స్ అనే అమెరికా సంస్థ బంగారు పతకాలు వచ్చాయి. అడుగు, అడుగుంపావు ఎత్తులో గుబురుగా పెరుగుతాయి, పువ్వు రెండు అంగుళాలు ఉంటుంది. వాడిన పూలు తీయకపోయినా పూస్తూనే ఉంటాయి. అరచేయంత పువ్వు కావాలనుకునేవాళ్లకు ఇవి చాలవు. వాళ్లు బెనరీస్ జెయింట్ లాంటివి వేసుకుని, దూరం మాత్రం కచ్చితంగా పాటించాలి.

ప్రశ్న: మా మొక్కలకు తెల్లటి పొడి లేదు. ఆకుల మీద గోధుమరంగు మచ్చలు వస్తున్నాయి. ఇదీ బూడిద తెగులేనా?

కాదు. మీరు ఫొటో పంపలేదు కనుక ఎలా గుర్తుపట్టాలో చెబుతాను. ఆకు కోసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. మచ్చలు ఎర్రగోధుమ రంగులో గుండ్రంగా ఉండి, పెద్దవయ్యేకొద్దీ మధ్యలో బూడిదరంగుకు తిరిగితే అది ఆల్టర్నేరియా ఆకుమచ్చ, శిలీంధ్రం. మచ్చ ఆకు ఈనెల మధ్య ఇరుక్కుని మూలలు దేరినట్టు ఉండి, చుట్టూ పసుపు అంచు ఉంటే అది బాక్టీరియా మచ్చ. రెండూ తడి ఆకు మీదే విజృంభిస్తాయి, నీటి చుక్కలు చిమ్మినప్పుడు పక్క మొక్కకు పాకుతాయి. రెండూ గింజతో పాటు కూడా వస్తాయి. మచ్చలున్న మొక్క నుంచి పువ్వు ఎంత అందంగా ఉన్నా గింజ దాచకండి. ఆకులు తడిగా ఉన్నప్పుడు మొక్కల మధ్య తిరగడం, కత్తిరించడం కూడా మానండి.

ప్రశ్న: నేను ఏడో తరగతి చదువుతున్నాను. అంతరిక్షంలో పూసిన మొదటి పువ్వు జిన్నియా అని ఒక చోట చదివాను. నిజమేనా? సైన్స్ ప్రాజెక్టులో రాయాలి.

మొదటిది కాదమ్మా, ప్రాజెక్టులో అలా రాయకు. 1982లోనే సోవియట్ వాళ్ల సాల్యూట్-7 కేంద్రంలో అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్క పూసింది. అది ఆవాల కుటుంబానికి చెందినది. 2012లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో డాన్ పెటిట్ అనే వ్యోమగామి పొద్దుతిరుగుడు పూయించారు. జిన్నియా వంతు ఆ తర్వాత వచ్చింది. అయితే జిన్నియా కథలో నువ్వు రాసుకోదగ్గది చాలా ఉంది.

2015 నవంబరులో ఆ కేంద్రంలో వెజ్జీ అనే చిన్న సాగు పెట్టెలో జిన్నియా గింజలు మొలిపించడం మొదలుపెట్టారు. అంతకుముందు లెట్యూస్ ఆకుకూర పండించారు. జిన్నియా పూయడానికి 60 నుంచి 80 రోజులు పడుతుంది, వెలుతురులో, వాతావరణంలో చిన్న తేడా వచ్చినా ఇబ్బంది పడుతుంది. తర్వాత టమాటాలు పెంచాలంటే ముందు పూసే మొక్కతో అనుభవం కావాలని దీన్ని ఎంచుకున్నారు. డిసెంబరులో ఆకుల అంచుల నుంచి నీటిబొట్లు కారడం, ఆకులు ముడుచుకోవడం కనిపించింది. తర్వాత బూజు పట్టింది. పెట్టెలో తేమ ఎక్కువై, గాలి చాలకపోవడమే కారణం. పైన బూడిద తెగులు ప్రశ్నకు నేను రాసిన జవాబు ఒకసారి చదువు, నేల మీద మన మడిలో జరిగేదీ ఇదే. అక్కడ ఫ్యాన్ వేగం పెంచారు. దాంతో మొక్కలు మరీ ఆరిపోవడం మొదలైంది. అప్పుడు వ్యోమగామి స్కాట్ కెల్లీ, టైమ్‌టేబుల్ ప్రకారం కాకుండా మొక్కను చూసి నీళ్లు పోసే స్వేచ్ఛ ఇమ్మని అడిగారు. ఇచ్చారు. కొన్ని మొక్కలు చనిపోయాయి, మిగిలినవి కోలుకున్నాయి. 2016 జనవరి 16న ఆయన నారింజరంగు జిన్నియా ఫొటోను లోకానికి చూపించారు.

ప్రాజెక్టులో బొమ్మ వేస్తే మొక్క కన్నా ఫ్యాన్ పెద్దగా వేయి తల్లీ. ఆ కథలో అసలు పని చేసింది అదే.

ప్రశ్న: నీలం రంగు జిన్నియా విత్తనాలు ఆన్‌లైన్‌లో చూశాను. ఫొటోలో చాలా బాగుంది. తెప్పించుకోవచ్చా?

వద్దు. నీలం జిన్నియా లేదు. తెలుపు, పసుపు, నారింజ, ఎరుపు, గులాబీ, ఊదా, చివరికి ఆకుపచ్చ కూడా ఉంది, నీలం మాత్రం లేదు. ఆ ఫొటో రంగు మార్చినది. ఆ డబ్బుతో లేతాకుపచ్చ రకం ఏదైనా తెప్పించుకోండి. ఎర్ర జిన్నియాల పక్కన అది ఎంత బాగుంటుందో మీరే చూస్తారు.

ప్రశ్న: పోయినసారి మొక్కలు నడుమెత్తు పెరిగి పూశాయి. అదే ప్యాకెట్‌లో మిగిలిన గింజలు ఈసారి వేస్తే జానెడు ఎత్తులోనే మొగ్గ తొడిగేశాయి. గింజ పాతబడిందా?

గింజ మంచిదే, మొలిచింది కదా. మీరు వేసిన కాలం మారింది. పగలు పొట్టిగా ఉండే రోజుల్లో జిన్నియా తొందరపడి పూస్తుంది. పగలు పొడుగ్గా ఉంటే ముందు ఎత్తు పెరిగి, కొమ్మలు వేసి, కాస్త ఆలస్యంగా పూస్తుంది. ఆ మొదటి మొగ్గ తీసేయండి. పక్క కొమ్మలు వచ్చి కొంత గుబురవుతుంది. పోయినసారి అంత ఎత్తు మాత్రం రాదు. కుండీ చిన్నదై వేళ్లు ఇరుక్కున్నా ఇలాగే అవుతుంది, అదీ ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: ఆకులు ముదురుపచ్చగా, అరచేయంత ఉన్నాయి. మొక్క దుబ్బులా ఉంది. పువ్వు మాత్రం లేదు. యూరియా వేస్తున్నాం, ఇంకా పెంచాలా?

వెంటనే ఆపేయండి. యూరియాలో ఉండే నత్రజని ఎక్కువైతే మొక్క ఆకు మీదే ధ్యాస పెడుతుంది. నేల తయారీలో కలిపిన కంపోస్టు జిన్నియాకు దాదాపు చాలు. కుండీలో ఉన్నవాటికి రెండు మూడు వారాలకోసారి పలచగా కలిపిన ద్రవ ఎరువు ఇవ్వండి, అంతకన్నా వద్దు. ఎండ ఎన్ని గంటలు పడుతుందో కూడా చూడండి.

ప్రశ్న: మా బాల్కనీలో పొద్దున నాలుగు గంటలే ఎండ. జిన్నియా పెంచుకోవచ్చా?

మిమ్మల్ని నిరాశపరచాలని లేదు కానీ, పెంచుకోమని చెప్పలేను. దీనికి కనీసం ఆరు గంటల నేరుగా పడే ఎండ కావాలి, ఎనిమిది గంటలైతే హాయి. నాలుగు గంటల ఎండలో కాడ సాగిపోతుంది, పువ్వు చిన్నబోతుంది, బూడిద తెగులు వెంటనే పట్టుకుంటుంది. మూడు వైపులా గోడలుంటే గాలి కూడా ఆడదు. ఆ చోటుకు బిగోనియా, కోలియస్ బాగా కుదురుతాయి. డాబా మీద చోటు దొరికితే మాత్రం పన్నెండు అంగుళాల కుండీలో మూడు పొట్టి రకం మొక్కలు వేయండి. అడుగున రంధ్రం మూసుకుపోకుండా చూసుకోండి. నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది.

ప్రశ్న: కొన్నప్పుడు ముద్ద పూలు పూసిన జిన్నియాల నుంచి గింజ దాచి వేస్తే, ఈసారి సగానికి పైగా ఒంటి రెక్క పూలు వచ్చాయి. రంగులు కూడా మారాయి. ఎందుకిలా?

మంచి ప్రశ్న. దీనికి జవాబు పువ్వును విప్పి చూస్తేనే అర్థమవుతుంది. ఒంటి రెక్క పువ్వు ఒకటి కోసి ముందు పెట్టుకోండి. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి చిన్న చిన్న పూల గుంపు. అంచున ఉన్న ఒక్కో రంగు రేకు ఒక పువ్వు, ఆడ పువ్వు. రేకు మొదట్లో రెండుగా చీలిన సన్నటి కీలాగ్రం, అంటే పుప్పొడిని అందుకునే కొన, కనిపిస్తుంది. మధ్య దిమ్మ మీద వలయంగా విచ్చుకున్న పసుపు నక్షత్రాలు ఇంకో రకం పూలు. వాటిలో ఆడ, మగ రెండు భాగాలూ ఉంటాయి. పుప్పొడి అంతా ఆ నక్షత్రాల్లోనే.

ఇప్పుడు ముద్ద పువ్వు విప్పండి. రేకులే రేకులు. నక్షత్రాలు అక్కడక్కడా ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అంటే పుప్పొడి చాలా తక్కువ. మీ తోటలో ఒకటి రెండు ఒంటి రెక్క మొక్కలున్నా చాలు, తేనెటీగలు, సీతాకోకచిలుకలు వాటి మీద వాలి ఆ పుప్పొడినే ముద్ద పూలకు అంటిస్తాయి. గింజ ముద్ద పువ్వులోనే కట్టింది, కానీ తండ్రి ఒంటి రెక్క పువ్వు. ఏటా అలా దాచుకుంటూ పోతే ముద్దతనం తగ్గుతూ వస్తుంది. రంగులు కలవడమూ ఇందుకే. ప్యాకెట్ మీద ఎఫ్-1 హైబ్రిడ్, అంటే రెండు వేర్వేరు రకాలను కలిపి తీసిన మొదటి తరం, అని ఉంటే ఇంకో కారణం తోడవుతుంది. దాని గింజ ఎలాగూ తల్లిలా రాదు.

మందు ఉంది, ఓపిక కావాలి. మొదటి పూలు విచ్చుకునే రోజుల్లో తోటను రోజూ చూడండి. ఒంటి రెక్క పువ్వు విచ్చుకున్న మొక్కను వెంటనే తీసేయండి. ఆ మొక్క మీద కూడా ఇష్టముంటే పువ్వు కోసి వాజులో పెట్టుకోండి, తోటలో మాత్రం ఉంచొద్దు. మిగిలినవాటిలో మీకు బాగా నచ్చిన మొక్కకు దారం కట్టి, దాని పూలు కోయకుండా గింజకు వదలండి. పువ్వు పూర్తిగా గోధుమరంగుకు మారి, రేకులు కాగితంలా గలగలలాడి, కింద కాడ కూడా ఎండాక ఎండపూట కోయండి.

రేకు పట్టుకుని లాగితే దాని మొదట్లో బాణపుమొన ఆకారంలో బూడిదరంగు గింజ అంటుకుని వస్తుంది. దిమ్మలో పొట్టు మధ్య చదునుగా, పైన చిన్న నొక్కుతో ఉన్నవీ గింజలే, అవీ మొలుస్తాయి. గింజను వేళ్ల మధ్య నొక్కి చూడండి. మధ్యలో కాస్త ఉబ్బి గట్టిగా తగిలితే లోపల పప్పు ఉన్నట్టు. వంగిపోతే తాలు. తాలువి అప్పుడే తీసేస్తే తర్వాత మొలవలేదన్న దిగులు ఉండదు. నాలుగు రోజులు నీడలో ఆరబెట్టి, కాగితం కవర్లో వేసి, రంగు, తేదీ రాసి, తేమ తగలని చల్లటి చోట పెట్టండి. మూడు నాలుగేళ్లు బాగానే మొలుస్తాయి.

ప్రశ్న: వాజులో పెట్టిన రోజే జిన్నియాలు మెడలు వాల్చేస్తున్నాయి. వేరేవాళ్ల ఇళ్లలో వారం ఉంటున్నాయే!

మీరు లేత పువ్వు కోస్తున్నారు. కొన్ని పూలను మొగ్గ దశలో కోసినా వాజులో విచ్చుకుంటాయి. జిన్నియా అలా విచ్చుకోదు, పూర్తిగా విచ్చాకే కోయాలి. విచ్చినట్టు కనిపించినా మెడ గట్టిపడకపోవచ్చు. పువ్వుకు ఎనిమిది అంగుళాల కింద కాడను రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ ఊపండి. తల వేలాడుతూ ఊగితే ఇంకా రెండు రోజులు ఆగండి. కాడంతా బిర్రుగా ఒక్కటిగా కదిలితే కోసేయండి. పొద్దున్నే, ఎండెక్కక ముందు. నీళ్లలో మునిగే ఆకులన్నీ తీసేయాలి. జిన్నియా కాడ నీళ్లను చాలా తొందరగా పాడుచేస్తుంది కనుక రోజూ మార్చండి, మార్చినప్పుడల్లా కాడ చివర కాస్త కత్తిరించండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, చలికి రేకులు పాడవుతాయి. ఇలా చేస్తే మీకూ వారం ఉంటాయి.

ప్రశ్న: ఆకులు పైకి ముడుచుకుని, ఈనెలు లావెక్కి, మొక్క గిడసబారింది. ఆకు కదిలిస్తే తెల్లటి చిన్న పురుగులు ఎగురుతున్నాయి.

ఎగిరేవి తెల్లదోమలు. అవి మోసుకొచ్చిన ఆకుముడత వైరస్ అది. వైరస్ పట్టిన మొక్కకు మందు లేదు. దాన్ని కవర్లో చుట్టి పీకేయండి, దోమలు పక్క మొక్క మీదికి ఎగరకుండా. మిగిలినవాటి మధ్య పసుపు జిగురు అట్టలు పెట్టి, ఆకుల అడుగు భాగం తడిసేలా వేపనూనె కొట్టండి.

ప్రశ్న: మా పిల్లి జిన్నియా ఆకులు కొరుకుతోంది. ప్రమాదమా?

కాదు. అమెరికాలోని ఏఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ జాబితాలో కూడా జిన్నియా పిల్లులకు, కుక్కలకు విషం కాని మొక్కగానే ఉంది. మందు కొట్టిన రోజుల్లో మాత్రం పిల్లిని అటు రానివ్వకండి.

ప్రశ్న: నేను కంటి వైద్య కోర్సు చదువుతున్నాను. కంటి పాఠంలో జిన్ జోన్యూల్ అని వచ్చింది. ఆ జిన్, ఈ జిన్నియా ఒకటేనా?

ఒకరేనండీ. యోహాన్ గాట్‌ఫ్రీడ్ జిన్ అనే జర్మన్ వైద్యుడు. గోటింగెన్‌లో ఆచార్యుడిగా ఉంటూ అక్కడి వృక్షోద్యానాన్ని కూడా చూసుకునేవారు. 1755లో మనిషి కంటి నిర్మాణం మీద గొప్ప పుస్తకం రాశారు. కంటి కటకాన్ని పట్టి ఉంచే సన్నటి తంతువులకు అందుకే ఆయన పేరు. 1759లో ముప్పై ఒక్క ఏళ్లకే చనిపోయారు. అదే ఏడాది, మొక్కలకు శాస్త్రీయ పేర్లు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ ఈ రకం మొక్కలకు ఆయన పేరు పెట్టారు. మీ ఉత్తరం చదివి చాలా సంతోషం వేసింది. మీ పాఠంలోనూ మా మడిలోనూ ఒకే మనిషి ఉన్నారు.

ప్రశ్న: రెండు నెలలుగా విరగబూసిన మొక్కలు ఇప్పుడు కిందినుంచి ఎండుతున్నాయి. నీళ్లు పెంచినా లాభం లేదు. ఎలా కాపాడుకోవాలి?

నీళ్లు పెంచకండి. మీ తప్పేమీ లేదు, జిన్నియా ఏడాదిలోపే బతుకు ముగించుకునే మొక్క. మొలిచి, పూసి, గింజ కట్టి ఎండిపోతుంది. పూతకు విరామం రాకుండా ఉండాలంటే అన్ని గింజలూ ఒకేసారి వేయకుండా మూడు వారాలకోసారి కొన్ని కొన్ని వేయాలి. ఒక జట్టు అలిసేసరికి ఇంకో జట్టు మొగ్గ మీద ఉంటుంది. చలి ముదిరే ప్రాంతాల్లో అయితే మంచు పడడానికి రెండున్నర నెలల ముందే ఆఖరి విత్తు అయిపోవాలి.

ఇప్పుడున్న మొక్కల్లో తెగులు లేనివాటి నుంచి గింజ తీసుకుని, మొక్కను మట్టి దగ్గర కోసేయండి, వేరు మట్టిలోనే చివికిపోతుంది. తెగులు పట్టినవాటిని వేళ్లతో సహా తీసి, రాలిన ఆకులు కూడా ఏరి పారేయండి. వీలైతే వచ్చే జిన్నియాలను వేరే మడిలో వేయండి. అంత చోటు లేకపోతే పై మట్టి తిరగేసి, ఎండలో బాగా ఆరనిచ్చి, కొత్త కంపోస్టు కలిపి, అడుగు దూరం కొలిచి గింజ పెట్టండి.